అంజన్న మీద ఆరు రిపోర్టులు

నలభై రెండేళ్ల మనిషిని, మీసంలో తెల్లవెంట్రుకలు ఏరుకోవడం కూడా మానేసిన మనిషిని, ట్రైనీ అని పిలవడానికి ఆ కంపెనీకి సిగ్గులేదు. సరే, కంపెనీలకు సిగ్గెక్కడిది? అంజన్నకు మాత్రం ఉండేది. అతని ఆకుపచ్చ జాకెట్ వీపు మీద ఆ మాట అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉండేది. ఎవరింటికి ఏసీ బాగుచేయడానికి వెళ్లినా, ఇంటివాళ్లు చదవకుండా గోడకు వీపు ఆనించి నిలబడేవాడు. సౌదీలోని తాయిఫ్‌లో మూడేళ్లు అలాగే గడిపాడు.

అతనికి పని నేర్పినవాడు మస్తాన్ వలీ. ప్రొద్దుటూరు మనిషి, యాభై ఆరేళ్లవాడు, సౌదీకి వచ్చి ఇరవై మూడేళ్లయింది. ఏసీలైనా, పండ్ల గోదాముల్లోని కోల్డ్ రూములైనా తాయిఫ్‌లో అతని చెయ్యి పడితే నడవాల్సిందే. కంపెనీ తెచ్చుకునే ట్రైనీలందరికీ అతనే ఉస్తాద్. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. శుక్రవారం వస్తే పదిమందికి సరిపడా వండి, తిననివాడిని తిట్టిపోసేవాడు. ఇలాంటి మంచివాళ్లతో ఒక చిక్కుంది. ఎదుటివాడికి ఏది మంచిదో తమకే తెలుసనుకుంటారు.

బుధవారం పొద్దున ఇద్దరూ ఒక అపార్టుమెంటు డాబా మీద ఉన్నారు. వేసవి కావడంతో జెద్దా నుంచీ మక్కా నుంచీ చల్లదనం కోసం కొండెక్కి వచ్చిన కుటుంబాలతో ఊరు కిటకిటలాడుతోంది. చల్లదనం కోసం వచ్చినవాళ్లకు ఏసీలు కూడా కావాలి మరి. ఆగిపోయిన యూనిట్ మీద అంజన్న అరచెయ్యి పెట్టి, ఒకసారి ఆన్ చేయించి, చెవి ఒగ్గి విన్నాడు.

"గ్యాస్ కాదు ఉస్తాద్. కెపాసిటర్ వోయింది."

మీటరు తగిలించి చూస్తే అదే. మస్తాన్ వలీ "ఊఁ" అని కొత్త కెపాసిటర్ అందించాడు. అంజన్న దాన్ని బిగిస్తూనే నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. పొద్దుటి నుంచీ అతని ముఖం వెలిగిపోతూనే ఉంది.

"నీకొక ముచ్చట చెప్పాలె. భూమేష్ ఫోన్ జేసిండు."

మస్తాన్ వలీ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "ఏ భూమేషు?"

"మన భూమేషే, మా ఊరి దిక్కోడు. నాకంటే ముంగట నీ దగ్గర పని నేర్చిపోయిండు సూడు. ఇప్పుడు హాయిల్ పట్నంల ఉన్నడు, టెక్నీషియన్‌గ. ఆడ కూరగాయల తోటలకు పెద్ద పెద్ద కోల్డ్ రూములున్నయట. ఇంకొకడు కావాలె అంటే నా పేరు చెప్పిండు. వాళ్లు నా తనాజుల్ కోసం ఆన్‌లైన్‌ల అడిగిండ్రు గూడ."

తనాజుల్ అంటే ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారడం. ఆ దేశంలో పనిచేసేవాళ్లు అన్నం, నీళ్లు అన్నంత తరచుగా అనుకునే మాట అది.

"మరి మన ఆఫీసోళ్లు ఏమన్నారు?"

"గులాం సాబు ఒప్పుకుంటలేడు. నీ ట్రైనింగ్ కాలే, నువ్వు మారరాదు అంటుండు. కొత్త రూలొచ్చింది గద ఉస్తాద్, పని నేర్చినోడు కంపెనీ మారొచ్చు, నేర్వనోడు నేర్పేకాడనే ఉండాలె అని. నేను గూడ ఊకోలే. లేబర్ ఆఫీసుల కంప్లేంట్ పెట్టిన. ఆదివారం ఇన్‌స్పెక్టర్ వస్తుండు. హాయిలోళ్లు ఈ నెలాఖరు దాకనే ఆగుతరట."

"కంప్లేంట్ పెట్టేముందు నాకొక మాట చెప్పకూడదా?"

"నువ్వున్నవన్న ధైర్యంతోనే పెట్టిన," అన్నాడు అంజన్న మూత బిగిస్తూ. "నాకు పనొచ్చో రాదో నీకంటే ఎవలికెరుక? ఆయన అడుగుతడు, నువ్వు చెప్తవు. అయిపాయె."

మస్తాన్ వలీ పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. అంజన్న కోసమని తను ఇన్నాళ్లూ చేసిన పని ఇప్పుడు అంజన్న పీకల మీదికి వచ్చిందని ఆ మెట్ల మీదే అతనికి అర్థమైంది.

సంగతేమిటంటే, ఆ కంపెనీలో ట్రైనీ అయినవాడికి ఏడాది శిక్షణ అని కాగితం. ఆరునెలలకొకసారి ఉస్తాద్ రిపోర్టు రాయాలి. పని వచ్చిందని ఉస్తాద్ రాస్తే మనిషి టెక్నీషియన్ అవుతాడని కూడా ఆ కాగితంలోనే ఉంది. నాలుగేళ్ల కింద మస్తాన్ వలీ దాన్ని నమ్మాడు. భూమేష్, రమేష్ అని ఇద్దరు చురుకైనవాళ్లు చేతికొస్తే, ఏడాదికల్లా తయారుచేసి, పని పూర్తిగా వచ్చిందని రాసి సంతకం పెట్టి, సంతోషం పట్టలేక బక్లావా మిఠాయి డబ్బా కొని పంచాడు. ఆ డబ్బా ఖాళీ కాకముందే ఇద్దరికీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, ఉద్యోగం తీసేసి ఇంటికి విమానం ఎక్కించారు.

ఆఫీసు చూసుకునేది గులాం మొహిద్దీన్, హైదరాబాదువాడు. మస్తాన్ వలీ వెళ్లి అతని బల్ల గుద్ది అడిగాడు. గులాం మొహిద్దీన్ లేచి తలుపు మూసి వచ్చాడు.

"వలీ సాబ్, కంపెనీకి కావాల్సింది ట్రైనీస్, టెక్నీషియన్స్ కాదు. ట్రైనీకి సగం జీతం, లీవ్ లేదు, టికెట్ లేదు. మీరు కంప్లీట్ అని రాస్తే కాంట్రాక్ట్ క్లోజ్. వాళ్ల ప్లేస్‌లో కొత్త బ్యాచ్ వస్తుంది. నా చేతిలో ఏం లేదు, నేనూ జాబ్ చేసుకునేవాడినే."

ఆ కొత్త బ్యాచ్‌లోనే అంజన్న వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె. ఊళ్లో బోరు మోటర్లు బాగుచేసి బాగుచేసి, ఆ చేతులతోనే గల్ఫ్‌లో నిలదొక్కుకుందామని వచ్చినవాడు. ఆరునెలల నాటి మొదటి రిపోర్టులో మస్తాన్ వలీ నిజమే రాశాడు, ఇంకా నేర్చుకోవాలని. ఏడాది తిరిగేసరికి అంజన్నకు పని చక్కగా వచ్చేసింది. అప్పుడు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే భూమేష్ ముఖం కళ్లముందు కదలాడింది. వచ్చిందని రాస్తే వీణ్ణీ పంపేస్తారు, వీడింట్లో పొయ్యి వెలగొద్దా అనుకుని, ఇంకా నేర్చుకోవాలని రాశాడు. ఒట్టిగా రాస్తే నమ్మరని లేని లోపమొకటి కల్పించాడు. ఆ తర్వాత ఆరునెలలకొక లోపం. మొత్తం ఆరు రిపోర్టులు, అందులో అయిదు అబద్ధాలు. అంజన్నకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఉస్తాద్ బాగానే రాస్తున్నా, ఆఫీసువాళ్లే పరీక్షలాంటిదేదో చూసి ఫెయిల్ చేస్తున్నారని అంజన్న అనుకునేవాడు. మస్తాన్ వలీ అనుకోనిచ్చాడు.

ఇప్పుడు రూలు తిరగబడింది. నిన్నటిదాకా పని రాదన్న మాటే మనిషిని ఉద్యోగంలో నిలబెట్టింది. ఈరోజు ఆ మాటే కాళ్లకు సంకెల.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి మస్తాన్ వలీ నిజం చెప్పేద్దామనే అంజన్న గదికి వెళ్లాడు. అంజన్న మంచం మీద బట్టలన్నీ పరుచుకుని సర్దుకుంటున్నాడు. ఇంకా తనాజుల్ రాలేదు, సర్దుడు మాత్రం మొదలైపోయింది.

"భూమేషు ఇంటికి పోయినాక మళ్లా ఎట్లొచ్చినాడప్పా?" అని అడిగాడు మస్తాన్ వలీ, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక.

"నువ్వు రాసిచ్చిన కాయిదంతోనే. ట్రైనింగ్ పూర్తయిందని ఉన్నది గదా అండ్ల. అది సూపిస్తే ఎనిమిది నెలలల్ల టెక్నీషియన్ వీసా దొరికిందట. ఉస్తాద్ పుణ్యమా అని అన్నడు. నీకు ఫోన్ చేద్దామంటే నంబర్ మారిందట."

నంబరు మారలేదు. ఎగ్జిట్ కొట్టించిన పాపం తనదేనన్న సిగ్గుతో భూమేష్ ఫోన్‌ను ఎత్తకుండా ఎత్తకుండా, చివరికి బ్లాక్ చేసి కూర్చున్నాడు. మస్తాన్ వలీ మంచం అంచున కూలబడ్డాడు. నిజం రాస్తే బతుకు పోతుందని భయపడ్డాడే, ఆ నిజమే భూమేష్‌కు బతుకునిచ్చింది. తన అబద్ధం అంజన్నను మూడేళ్లు కట్టేసింది. "బిర్యానీ చేస్తాండా, వచ్చి తిను," అని మాత్రం చెప్పి లేచి వచ్చేశాడు. పిరికితనమే. అంతకంటే మర్యాదైన పేరు దానికి లేదు.

సాయంత్రం గులాం మొహిద్దీన్ ఫోన్ చేశాడు. "సండే రోజు రిపోర్ట్స్‌లో ఏముందో అదే చెప్పండి వలీ సాబ్. మాట మార్చితే ఫాల్స్ రిపోర్ట్స్ రాసినట్టు మీరే ఒప్పుకున్నట్టు. నవంబర్‌లో మీ ఇకామా రెన్యువల్ ఉంది, ఒకసారి థింక్ చేయండి." ఇకామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, కంపెనీ రెన్యువల్ చేయకపోతే ఇంటిదారి పట్టాల్సిందే.

ఆదివారం పది గంటలకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముప్పయ్యేళ్లయినా లేని సౌదీ యువకుడు, చేతిలో ట్యాబ్, అందరికీ సలాం చెప్పి, తనకు వేసిన కుర్చీ కంటే ముందు అంజన్నకు కుర్చీ వేయించాడు. ఫిర్యాదు చేసినవాడికి అర్థమయ్యే భాషలోనే అన్నీ చదివి వినిపించాలని నియమం కాబట్టి, తను అరబ్బీలో చదువుతానని, గులాం మొహిద్దీన్ తెలుగులో చెప్పాలని అన్నాడు. ఫైలు తెరిచి, ఏడాదికి ముందుదైన మొదటి రిపోర్టును పక్కన పెట్టాడు.

"రెండో రిపోర్టు. గ్యాస్ లీక్ ఎక్కడుందో పట్టుకోలేడు. ఇంకా నేర్చుకోవాలి. సంతకం, మస్తాన్ వలీ."

అంజన్న చటుక్కున తలెత్తాడు. ఏదో పొరపాటు జరిగిందన్నట్టు గులాం మొహిద్దీన్ వంక చూశాడు.

"మూడోది. రాగి గొట్టాలు అతికించడం రాదు. సంతకం, మస్తాన్ వలీ. నాలుగోది. మీటరు చదవడంలో తప్పులు. అయిదోది. ఒంటరిగా పనికి పంపడానికి తగడు. ఆరోది. ఎత్తు అంటే భయం, అడుగడుగునా ఒకరు తోడుండాలి. అన్నిటి మీదా సంతకం మస్తాన్ వలీ."

అంజన్న ఉస్తాద్ వైపు చూడలేదు. ఒళ్లో ఉన్న తన రెండు చేతుల్నీ చూసుకుంటూ కూర్చున్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని మస్తాన్ వలీకి అనిపించింది.

"ఇవి నువ్వు రాసినవేనా?" అని ఇన్‌స్పెక్టర్ అరబ్బీలో అడిగాడు.

మస్తాన్ వలీ లేచి నిలబడ్డాడు. అరబ్బీలో చెప్పబోయి ఆగి, ముందు తెలుగులో చెప్పాడు, అంజన్న వినాలని. "నేనే రాసినా. మొదటిదొక్కటే నిజం. తక్కినవన్నీ అబద్ధాలు. పనొచ్చిందని రాస్తే ఎగ్జిట్ కొడతారని, వీడి మంచికేనని రాసినా." తర్వాత అదే మాట అరబ్బీలో చెప్పాడు, భూమేష్, రమేష్‌ల సంగతితో సహా.

గులాం మొహిద్దీన్ దగ్గి సర్దుకున్నాడు. ఒకే భాషవాళ్లు, స్నేహితులు, అందుకే ఇప్పుడు మాట మారుస్తున్నాడని ఇన్‌స్పెక్టర్‌కు మెల్లగా చెప్పాడు. అది చెప్పేటప్పుడు మస్తాన్ వలీ ముఖం చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా నుదురు రుద్దుకున్నాడు. "నా దగ్గర కాగితాలు ఆరున్నాయి, మాట ఒకటి ఉంది. మూడేళ్లు అబద్ధం రాశానంటున్న మనిషి ఈరోజు నిజం చెబుతున్నాడని ఎలా రాసుకోను? ఇప్పుడు పని చేయించి చూసినా, ఈరోజు వచ్చని తెలుస్తుంది కానీ తనాజుల్ అడిగిన నాటికే వచ్చో లేదో తెలియదు, రూలు అడిగేది అదే. జాబ్ కార్డులు చూద్దామంటే ప్రతి కార్డు మీదా నీ పేరే ఉంది."

ఉంటుంది మరి. ట్రైనీ పేరు కంపెనీ కాగితం మీద ఎక్కదు. చేసింది ఎవరైనా కార్డు మీద ఉస్తాద్ పేరే. మస్తాన్ వలీ పరువు మాట దేవుడెరుగు, అతని సంతకాలతోనే అంజన్న నోరు కుట్టేసినట్టయింది. అప్పుడు తట్టింది అతనికి. కాగితాల మీద లేకపోతేనేం?

ఏసీ పనివాళ్లకు ఒక అలవాటుంది. యూనిట్ విప్పి ఏదైనా మార్చితే, మూత లోపలివైపు మార్కర్‌తో తేదీ, చేసిన పని, తన పేరు రాసి, మూత బిగించి వస్తారు. తర్వాత వచ్చేవాడు తడుముకోకుండా ఉండటానికి. అది పనివాడు పనివాడికి రాసుకునే ఉత్తరం. ఆఫీసులు దాన్ని ఎన్నడూ చదవవు.

"నిరుడు జూన్, జూలై రెండునెలలు నేను ఇండియాలో ఉండా సార్, కంటి ఆపరేషన్‌కు. పాస్‌పోర్టు చూడండి. ఆ రెండునెలలు పనంతా ఎవరు చేసినారో మూతలు విప్పితే తెలుస్తాది. ఏ బిల్డింగో మీరే చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ కాంట్రాక్టుల జాబితా తెప్పించి, కాసేపు చూసి, ఒక దానిమ్మపండ్ల గోదాము మీద వేలు పెట్టాడు. నలుగురూ ఒకే వ్యానులో వెళ్లారు.

గోదాము పైకప్పు మీద పెద్ద యూనిట్ మూత మస్తాన్ వలీయే విప్పి తిప్పిపట్టాడు. లోపలివైపు నల్ల మార్కర్‌తో వరుసగా రాతలున్నాయి, ఉర్దూలో కొన్ని, బెంగాలీలో కొన్ని. కింద గుండ్రటి తెలుగు అక్షరాలు. ఇన్‌స్పెక్టర్ వాటిని వేలితో చూపించి, గులాం మొహిద్దీన్ వైపు తిరిగాడు. అక్కడ వాటిని చదవగలిగిన వాళ్లలో అంజన్న పక్షం కానివాడు అతనొక్కడే.

గులాం మొహిద్దీన్ అద్దాలు తుడుచుకున్నాడు. మలక్‌పేట బడిలో నేర్చిన తెలుగు, కూడబలుక్కుంటూ చదివాడు.

"కంప్రెసర్ కొత్తది వేసిన. గొట్టం రెండు తావుల అతికిన. లీకు లేదు, సూసిన. తొమ్మిది, ఏడో నెల. అంజన్న." ఆగి, కిందిది చదివాడు. "ఫ్యాన్ మోత చేస్తే భయపడకుండ్రి. బేరింగ్ పాతది. నేనే వచ్చి మారుస్త. పద్నాలుగు, ఏడో నెల. అంజన్న." ఇంకా కిందకు వచ్చేసరికి అతని గొంతు తగ్గిపోయింది. "బేరింగ్ మార్చిన. ఇగ మంచిగ నడుస్తది. పదహారు, ఏడో నెల. అంజన్న."

ఇన్‌స్పెక్టర్ ట్యాబ్‌లో మస్తాన్ వలీ రాకపోకల తేదీలు చూశాడు. అయిదో రిపోర్టు తేదీ కూడా చూశాడు. ఒంటరిగా పనికి పంపడానికి తగడని రాసింది సరిగ్గా ఆ తర్వాతి నెల. అతను మూతకు ఫోటోలు తీసుకున్నాడు, మరో రెండు యూనిట్లు విప్పించి వాటికీ తీసుకున్నాడు. తర్వాత అంజన్న దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపాడు. శిక్షణ నిరుడే పూర్తయినట్టు రాస్తున్నానని, ఇకపై మారడానికి కంపెనీ అనుమతి అక్కర్లేదని చెప్పాడు. మిగతా ట్రైనీల ఫైళ్లన్నీ పంపాలని గులాం మొహిద్దీన్‌కు చెప్పాడు. రిపోర్టులు రాసే అధికారం మస్తాన్ వలీకి ఇక ఉండదన్నాడు. తప్పుడు రిపోర్టులు రాశానన్న వాంగ్మూలం కింద మస్తాన్ వలీ సంతకం పెట్టాడు. నవంబర్ సంగతి నవంబర్‌లో చూసుకుందాం అనుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం హాయిల్ బస్సు. ఆ మూడురోజులూ అంజన్న ఉస్తాద్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. అయినా మస్తాన్ వలీ కంపెనీ వ్యానులో అతని పెట్టెలు బస్టాండుకు తెచ్చాడు. టికెట్ కౌంటరు పక్కన ఇనుప బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

"తిట్టన్నా తిట్టప్పా. ఇట్లుంటే నాకు చావు మేలనిపిస్తాంది."

అంజన్న పెట్టెను కాళ్ల దగ్గరికి లాక్కుని అన్నాడు. "ఎందుకు రాసినవో నాకెరుకనే ఉస్తాద్. నా మంచికే రాసినవ్. కాని నన్నొక్క మాట అడుగకపోతివి."

"అడిగింటే ఏమనేవాడివి?"

"పంపుతే పోత, రాయుమందును. భూమేష్ పోలేదా?" అతను చేతిలోని టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "జీతం పోతే పోయింది, ఇంటికి పోకుంటే పోకపోయిన. అది కాదు ఉస్తాద్. ఆర్నెల్లకోసారి ఫెయిల్ అంటే, నాకు నిజంగనే పని రాదనుకున్న. మీటర్ పట్టుకున్నప్పుడల్ల శెయ్యి వణికేది, తప్పు సూస్తున్ననేమో అని. నాది మొద్దు తలకాయ, నాకు ఎక్కుతలేదని మా ఇంటామె గౌరవ్వతోని ఫోన్‌ల ఎన్నిసార్లు అన్ననో. మూడేండ్లు నన్ను నేనే తిట్టుకున్న."

మస్తాన్ వలీకి కళ్లు చెమర్చాయి. అతను లెక్క వేసుకున్న నష్టాల్లో ఇది ఎక్కడా లేదు. రాసిన ప్రతి అబద్ధమూ ఆఫీసు ఫైల్లోనే ఉందనుకున్నాడు కానీ ఈ మనిషి ఒంట్లోకి దిగిందనుకోలేదు.

"ఫోన్ కలుపు," అన్నాడు. "మీ ఇంటామెకు నేనే చెప్తా."

అంజన్న వద్దనలేదు. ఫోన్ కలిపి ఉస్తాద్ చేతికిచ్చాడు. అటునుంచి గౌరవ్వ గొంతు వినిపించగానే మస్తాన్ వలీ లేచి నిలబడ్డాడు, పెద్దాఫీసరు ముందు నిలబడినట్టు.

"అమ్మా, నేను మస్తాన్ వలీని, అంజన్న ఉస్తాద్‌ను. మీ ఆయనకు పనొచ్చు. ఎప్పుడో రెండేండ్ల కిందనే వచ్చింది. రాదని రాసింది నేను. తప్పు నాది తల్లీ, ఆయనది కాదు."



"గా ముచ్చట నాకెందుకన్నా?" అంది గౌరవ్వ. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "ఊరోళ్ల బోర్లన్ని బాగుచేసిన మనిషి, ఆయనకు పని రాకుంటెట్ల? నాకెప్పటిసందో ఎరుక. నాకు చెప్పుడు కాదు, ఆయనకు చెప్పుండ్రి."

ఇన్నేళ్లలో మస్తాన్ వలీ ఏ శిష్యుణ్ణీ ఎదురుగా మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే చెడిపోతారని అతని ఉస్తాద్ చెప్పాడు, ఆయనకు ఆయన ఉస్తాద్ చెప్పి ఉంటాడు. అతను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, బెంచీ మీద కూర్చున్న మనిషి వైపు తిరిగాడు.

"అంజన్నా, నీకు పనొచ్చప్పా. నాకంటే బాగొచ్చు."

అంజన్న చేయి చాచి ఫోన్ తీసుకున్నాడు. చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఇన్నవా?" అన్నాడు భార్యతో. "నాకు పనొచ్చంట. ఉస్తాదే అన్నడు."